ఏడు పెట్టెలు, ఒక పచ్చ తీగ

1994 ఆగస్టు 27, శనివారం

ర్యాక్ పూర్తయింది. నా నడుమెత్తు ఉంది. నాలుగు ఇనప యాంగిళ్ళు, మధ్యలో చెక్క అరలు, వెనకాల ఒక రేకు తలుపు. పదిహేనేళ్ళుగా కోచింగ్ డిపోలో రైలు పెట్టెల లైట్లూ ఫాన్లూ బాగుచేస్తున్న ఫిట్టర్‌ని, ఈ మాత్రం చేసుకోలేనా? వెల్డింగ్ ఒక్కటే బయట చేయించాను, అదీ నాకు నచ్చలేదు.

అరల్లో ఏడు పెట్టెలు. ఈక్వలైజర్, డిలే, రివర్బ్, కోరస్, డిస్టార్షన్, వావా, పాత ఫజ్. గిటారు తీగ మీటితే ఆ నాదం ఒక్కో పెట్టెలోంచి దూరుకుంటూ పోతుంది. ఒకదాంట్లో బావిలో పాడినట్టు మోగుతుంది, ఇంకోదాంట్లో రెండుసార్లు పలుకుతుంది, మరోదాంట్లో గొంతు జీరబోతుంది. ఇవన్నీ నా దగ్గరికి చేరడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. మా రైల్వే కాలనీ మొత్తంలో ఇలాంటిది ఇంకెవరి దగ్గరా లేదు. ఈ మాట బయట అనను, ఇక్కడ రాసుకుంటే తప్పేం లేదు.

ఈక్వలైజర్‌కి లోపలే ట్రాన్స్‌ఫార్మర్ ఉంది, మిగతా ఆరింటికీ ఆరు అడాప్టర్లు. ఒకటి తొమ్మిది వోల్టులు, ఒకటి పన్నెండు, ఒకటి ఏసీ కావాలంటుంది, ఒకటి డీసీ కావాలంటుంది. ఒక్కోటీ ఎంత బండగా ఉందంటే, బోర్డులో ఒకటి గుచ్చితే పక్క సాకెట్టు మూసుకుపోతుంది. మూడు ఎక్స్‌టెన్షన్ బోర్డులు పెట్టాను. మా ఆవిడ పార్వతమ్మ గదిలోకి వచ్చి నేల మీద చూసి, "పెళ్ళింటి గుమ్మంకాడ సెప్పుల్లాగున్నాయండి" అంది. నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. ఎందుకంటే అన్నీ ఒకేసారి వేస్తే స్పీకర్లో గుంయ్‌మని మోత. గిటారు ముట్టుకోకపోయినా మోతే.

ఆగస్టు 30, మంగళవారం

ఆరు అడాప్టర్లు ఎందుకని ఒకే పెద్ద అడాప్టర్ నుంచి తీగ లాగి, దానికే గొలుసులా అన్నీ తగిలించాను. మోత తగ్గలేదు సరికదా, డిలే పెట్టెలోంచి దోమ పాడినట్టు ఇంకో కూత మొదలైంది. పాత ఫజ్ పెట్టెకి ప్లస్సూ మైనస్సూ మిగతావాటికి తిరగేసి ఉంటాయని మర్చిపోయాను. అది తగిలించగానే అడాప్టర్లోంచి పొగ వచ్చింది. పార్వతమ్మ వంటింట్లోంచి, "ఏటో మాడుతోందండి, నా పొయ్యి మీద కాదు" అంది.

సెప్టెంబర్ 4, ఆదివారం

వినాయక చవితి పందిట్లో పదకొండో తారీకున మా ఆర్కెస్ట్రా ప్రోగ్రాం. ఇవాళ అచ్చయ్య మావ ఇంటి వరండాలో రిహార్సల్.

అచ్చయ్య మావ మైకు సెట్టు పెట్టని పెళ్ళి గానీ పందిరి గానీ ఈ కాలనీలో లేదు. ముప్పై ఏళ్ళుగా ఆయన చేతి మీదే అన్నీ. వ్యాగన్ షాపులో రిటైరయ్యాక అదే ఆయన పని, అదే ఆయన పరువు. ప్రతి ప్లగ్గూ తనే విప్పి, తనే కట్టి, స్క్రూ బిగించాక తీగని మూడుసార్లు లాగి చూస్తాడు. ఎవరినీ ముట్టుకోనివ్వడు.

భ్రమరాంబ పాడింది. చిన్నారావు భార్య, మా లైన్లోనే నాలుగో క్వార్టరు. బాలవాడిలో పిల్లలకి పాటలు చెబుతుంది. నన్ను సూరన్నయ్యా అంటుంది. ఆమె గొంతులో ఏదో ఉంది, మొదటి మాట అందుకోగానే మాట్లాడుకునేవాళ్ళు ఆగిపోతారు. మొదటి పాట నెమ్మదిగా ఉంటుంది. వెనక నా గిటారొక్కటే. అక్కడే ఈ దిక్కుమాలిన మోత గుంయ్యిమంటూ ఆమె గొంతుకి అడ్డం పడింది.

"సూరన్నయ్యా, నీ గిటారుకి జొరమొచ్చినట్టుంది" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక అన్నం సయించలేదు.

సెప్టెంబర్ 7, బుధవారం

కనిపెట్టాను. నా బోర్డు ప్లగ్గు విప్పి అందులో ఎర్తు తీగ, ఆ పచ్చ తీగ, పీకేశాను. మోత సగానికి సగం పోయింది.

రైలు పెట్టెలో మాకు మొదట నేర్పేది ఇదే. బ్యాటరీ ప్లస్సు గానీ మైనస్సు గానీ పెట్టె ఒంటికి తగలకూడదు. ఒళ్ళు వేరు, కరెంటు వేరు. రోజూ రెండు బల్బులు పట్టుకుని మేం వెతికేది ఎక్కడ తగిలిందా అనే. ఇక్కడ ఈ పచ్చ తీగ పని కట్టుకుని ఒంటికే తగిలిస్తోంది. నా ర్యాక్ నుంచి ఒక దారి, మైకులూ గిటారూ కలిసే మావ మిక్సర్ నుంచి ఒక దారి, రెండూ నేలలో కలిసి చుట్టు తిరిగి మోత పుడుతోంది. తీసేస్తే పోతుంది. ఇంత చిన్న సంగతి.

మిగిలిన సగం మోత సంగతి కూడా నాకు తెలుసు. చూద్దాం.

సెప్టెంబర్ 11, ఆదివారం

వాన. ప్రోగ్రాం మధ్యలో ఆగిపోయింది. భ్రమరాంబ బాగానే ఉంది, ఆసుపత్రిలో ఉంది. ఇంకేం రాయలేను.

సెప్టెంబర్ 12, సోమవారం

మొదటి పాటకి మోత అస్సలు లేదు. అది రాయాలి. చినుకు పడుతున్న చప్పుడు కూడా వినబడింది. భ్రమరాంబ పాడుతుంటే ముందు వరసలో ఆడవాళ్ళు విసనకర్రలు ఆపేశారు.

మూడో పాటకి వాన పెద్దదై పందిరి కారింది. స్టేజీ చెక్కలు తడిశాయి. దేవుడి ముందు కాబట్టి అందరం చెప్పుల్లేకుండానే ఉన్నాం. నేను పెడళ్ళ కింద వేసుకునే రబ్బరు పట్టా మీద కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాను. వేళ్ళకి చీమలు పాకినట్టు అనిపించింది. గిటారుకి కొత్త తీగలు వేశాను కదా అనుకున్నాను. రెండో చరణంలో భ్రమరాంబ పెదవులు మైకుకి తగిలాయి. ఒక్క శబ్దం చేసి మైకుతో సహా పడిపోయింది. మైకు ఆమె చేతిని వదల్లేదు. అచ్చయ్య మావ పరిగెత్తి మెయిన్ లాగేశాడు. లేకపోతే ఏమయ్యేదో.

పెదవి కాలింది, చెయ్యి వాచింది. రెండు రోజుల్లో పంపిస్తామన్నారు.

మావ మైకు సెట్టు పాతదైపోయిందని అందరూ అంటున్నారు. నన్ను అడిగితే నేనూ అవునన్నాను.

తలనొప్పి. పడుకుంటాను.

సెప్టెంబర్ 13, మంగళవారం

డ్యూటీ. ఒకే పెట్టెలో ఆరు ఫాన్లు పాడు. మంచిదే, తల ఎత్తకుండా పని దొరికింది.

సెప్టెంబర్ 16, శుక్రవారం

భ్రమరాంబ ఇంటికొచ్చింది. చూడ్డానికి పార్వతమ్మ వెళ్ళింది. నేను డ్యూటీ ఉందన్నాను. లేదు.

సాయంత్రం కమిటీ సెక్రటరీ వెంకటస్వామి గారు నలుగురి ముందు మిక్సర్ ప్లగ్గు విప్పించారు. లోపల పచ్చ తీగ స్క్రూకి లేదు. మడతపెట్టి పక్కన పడి ఉంది. అందరూ అచ్చయ్య మావ వంక చూశారు. ఆయన ప్లగ్గు చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు పైకీ కిందికీ చేసి చాలాసేపు చూశాడు.

"నేను కట్టేను" అన్నాడు. తర్వాత, "కట్టేననే అనుకుంటన్నాను" అన్నాడు.

దసరాకి దేవీ పందిట్లో మైకు వేరేవాళ్ళకి ఇస్తామని వెంకటస్వామి గారు మర్యాదగానే చెప్పారు. "వయసు మీద పడింది గదా అచ్చయ్యా, ఆరామ్ చేసుకో" అన్నారు. మావ తల ఊపాడు. వైర్లు చుట్టుకుంటూ ఒక చుట్ట మధ్యలో ఆపేసి అలా నిలబడిపోయాడు.

ఇది నేను ఒక్కడినే చదువుకునే పుస్తకం. ఇందులో కూడా రాయకపోతే ఇంక దేనికి?

పదకొండో తారీకు సాయంత్రం అచ్చయ్య మావ స్తంభానికి హారన్ కట్టడానికి నిచ్చెన ఎక్కాడు. మిగిలిన సగం మోత పోవాలంటే ఆయన మిక్సర్ ఎర్తు కూడా తియ్యాలి. అడిగితే ఒప్పుకోడు. నేను ఆయన ప్లగ్గు విప్పి పచ్చ తీగ పీకి, మడిచి లోపలే పెట్టి బిగించేశాను. రెండు నిమిషాల పని. మోత పోయింది. మావ కిందికి దిగి, "శభాష్‌రా సూరిబాబూ, ఏటి సేసేవు, గుడిలాగుంది" అన్నాడు. నేను గర్వంగా నవ్వాను.

రాశాను.

సెప్టెంబర్ 18, ఆదివారం

పార్వతమ్మ లేనప్పుడు ర్యాక్ మీద టెస్టు బల్బు పెట్టి చూశాను. ఒక తీగ కుళాయి గొట్టానికి, ఒక తీగ ర్యాక్ ఇనుముకి. బల్బు ఎర్రగా వెలిగింది. ఒక్కో పెట్టే విప్పుకుంటూ పోతే ఈక్వలైజర్ దగ్గర ఆరిపోయింది. దాని లోపలి ట్రాన్స్‌ఫార్మర్ వానకి నెమ్మెక్కి ఒంటికి కరెంటు దించేస్తోంది. అక్కడినుంచి ర్యాక్‌కి, నా గిటారు వైరుగుండా మిక్సర్‌కి, మిక్సర్ నుంచి మైకుకి, మైకు నుంచి ఆ పిల్ల పెదవికి.

పచ్చ తీగలు ఉండి ఉంటే ఆ నిమిషమే ఫ్యూజు ఎగిరిపోయేది. అంతే. పాట ఆగేది, పది నిమిషాలు జనం గోల చేసేవాళ్ళు. రైలు పెట్టెకి పనికొచ్చిన పాఠం పందిరికి పనికిరాదని, ఇక్కడ నేల మీద ఉత్తికాళ్ళతో మనుషులు నిలబడతారని, పదిహేనేళ్ళ అనుభవం ఉన్నవాడికి తట్టలేదు. మావకి మాత్రం ఏ కోర్సూ చదవకుండానే తెలుసు.

సెప్టెంబర్ 21, బుధవారం

ఒక ఆలోచన వచ్చింది. అసలు మోత ఎందుకొస్తుంది? ఏడు పెట్టెలూ ఒకరి కరెంటు ఒకరు పంచుకోవడం వల్ల. రైల్లో ప్రతి పెట్టెకీ దాని బ్యాటరీ దానిదే. అలాగే ఏడింటికీ ఏడు వేరు వేరు చుట్లున్న ఒకే ట్రాన్స్‌ఫార్మర్ చుట్టిస్తే? ఎవడి వోల్టులు వాడివి, ఎవడికీ ఎవడితో సంబంధం లేదు. అప్పుడు ర్యాక్ ఒంటికి ఎర్తు దర్జాగా ఉండొచ్చు. మోతా ఉండదు, ప్రమాదమూ ఉండదు.

డ్యూటీ దిగి సైకిలు మీద ఊరి చివర ఫ్యాక్టరీలుండే భన్‌పురి వెళ్ళాను. అక్కడ మోటార్లు రీవైండింగ్ చేసే చెన్నకేశవులు ఉన్నాడు, కరీంనగర్ వైపు వాళ్ళు, పక్కనే బీర్‌గావ్‌లో ఇల్లు. నేను గీసిన బొమ్మ చూసి బీడీ పక్కన పెట్టాడు.

"ఒక్క కోరు మీద గిన్ని సుట్లా? ఇది దేనికన్నా, ఫ్యాక్టరీకా?"

"గిటారుకి."

"గిటారుకా" అని నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "ఏడింటి నడుమ కాయితం మంచిగ పెట్టాలె. పది దినాలైతది."

తిరిగొస్తుంటే దారంతా లారీలు, దుమ్ము. అయినా ఈల వేసుకుంటూ తొక్కాను. ఈ పెట్టె తయారైతే అంతా సర్దుకుంటుంది. అందరూ చూస్తారు, కొత్త పద్ధతి వచ్చింది కాబట్టి భయం లేదంటారు, మావని మళ్ళీ పిలుస్తారు. పాత విషయం ఎవరూ తవ్వరు.

సెప్టెంబర్ 25, ఆదివారం

అచ్చయ్య మావ ఇంటికి వెళ్ళాను. వెళ్ళకుండా ఉండాల్సింది.

వరండాలో ప్లగ్గులన్నీ ముందు పోసుకుని కూర్చున్నాడు. ఇరవైకి పైగా ఉంటాయి. ఒక్కోటీ విప్పుతున్నాడు, చూస్తున్నాడు, బిగిస్తున్నాడు. బిగించాక పక్కన పెట్టి, మళ్ళీ అదే తీసి విప్పుతున్నాడు. పక్కన ఆయన భార్య తాయారమ్మ అత్త బియ్యం ఏరుతోంది.

"మూడ్రోజులైంది ఇదే వరస" అంది నాతో. "అన్నానికి పిలిస్తే ఉండవే, కట్టేనో లేదో అంటాడు."

మావ నా వైపు చూసి, "ఒరే సూరిబాబూ, నువ్వు సెప్పు. ఆ రోజు నువ్వు పక్కనే ఉన్నావు గదా. నేను ప్లగ్గు కట్టడం సూసేవా నువ్వు?" అన్నాడు.

"గుర్తులేదు మావయ్యా" అన్నాను.

"నాకు గుర్తుందిరా. స్క్రూ బిగించింది గుర్తుంది. మూడుసార్లు లాగింది గుర్తుంది. ఆ ముందు పందిరిదో, ఈ పందిరిదో ఏటో మరి. బుర్ర పాడైపోనాదేమోనని భయంగుంది. నా వల్ల ఆ గుంట సచ్చిపోయుండేది." ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకున్నాడు. "ఈటిని నమ్మడం మానేసేను."

తాయారమ్మ అత్త టీ ఇచ్చింది. తాగాను.

సెప్టెంబర్ 27, మంగళవారం

చెప్పలేదు.

సెప్టెంబర్ 28, బుధవారం

చెప్పలేదు. వాళ్ళ వీధి మొదట్లోంచి తిరిగొచ్చేశాను. ట్రాన్స్‌ఫార్మర్ వచ్చాక చెబితే బాగుంటుంది. చేతిలో ఏదో ఉండాలి కదా.

అక్టోబర్ 1, శనివారం

ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది. చెన్నకేశవులు పని చూస్తే దండం పెట్టాలనిపించింది. ఏడు చుట్లు, ఏడు రంగుల తొడుగులు. రేకు పెట్టెలో బిగించాను, ఒక్కో చుట్టుకీ వేరే ఫ్యూజు, వేరే తీగ. ఆరు అడాప్టర్లూ బుట్టలోకి పోయాయి. పాత ఫజ్‌కి తిరగేసిన ప్లస్సూ మైనస్సూ ఇచ్చినా పక్కవాటికి పట్టనే లేదు. ఈక్వలైజర్‌లో పాత ట్రాన్స్‌ఫార్మర్ పీకేసి దానికీ ఇందులోంచే ఇచ్చాను. పచ్చ తీగని దాని చోట్లో బిగించాను. స్పీకర్ పూర్తిగా పెంచాను.

ఏమీ లేదు. బయట పిల్లలు గోళీలాడుతున్న చప్పుడు, పక్కింటి కుక్కరు కూత, అంతే. నేను ఇన్నేళ్ళూ కలగన్న నిశ్శబ్దం అది. దాని ముందు కూర్చుంటే ఏడుపొచ్చింది. సంతోషం కాదు.

పార్వతమ్మ వచ్చి మంచం మీద కూర్చుంది. "ఈ మూడు వారాలకాడ్నుంచీ మీరు నాకేసి సూసి మాటాడటం లేదు. ఏటైనా సరే సెప్పండి" అంది.

చెప్పాను. మొత్తం చెప్పాను. ఆమె లేచి చెప్పులు వేసుకుంది, మళ్ళీ విప్పేసింది. "నేను రాను. మీరే ఎల్లాలి. రేపు పొద్దున్నే ఎల్లండి" అంది.

అక్టోబర్ 2, ఆదివారం

వెళ్ళాను.

మావ వరండాలోనే ఉన్నాడు. కూర్చోకుండానే చెప్పాను. నిచ్చెన, ప్లగ్గు, రెండు నిమిషాలు, మడతపెట్టిన తీగ. గుర్తులేదన్న అబద్ధం కూడా. నేల వంకే చూస్తూ చెప్పాను. కొడతాడనుకున్నాను. కొట్టాలనే కోరుకున్నాను.

తల ఎత్తి చూస్తే ఆయన నన్ను చూడటం లేదు. తన చేతుల్ని చూసుకుంటున్నాడు.

"అయితే నేను కట్టేను" అన్నాడు.

"కట్టావు మావయ్యా."

"మూడుసార్లు లాగేను."

"లాగి ఉంటావు. స్క్రూ ఎంత గట్టిగా ఉందంటే నాకు విప్పడం కష్టమైంది."

లోపలికి తిరిగి, "తాయారూ, ఇన్నావా, నేను కట్టేనే" అన్నాడు. కళ్ళజోడు తీసి పంచెతో కళ్ళు తుడుచుకున్నాడు. ఆయన ముఖంలో కోపం కోసం వెతికాను. ఉంది గానీ, దానికంటే ముందు ఇంకేదో వచ్చి కూర్చుంది. జబ్బు లేదని డాక్టరు చెప్పాక మనిషి ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది.

కోపం తాయారమ్మ అత్తకి వచ్చింది. "మొన్న ఇదే అరుగు మీద కూకుని టీ తాగేవు. ఆయన ఏడుపు సూసుకుంటా తాగేవు. నీకు ఎలా దిగిందిరా?" అంది. అలాగే నిలబడ్డాను.

మావ స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి, "ఇది నాకు సెప్తే ఏటి లాభం? ఎల్లి ఆ నలుగురికీ సెప్పు. ఆ గుంటకి సెప్పు" అన్నాడు. తర్వాత, "నన్ను అడిగుంటే పోయేది గదరా. మోత పోడానికి నా దగ్గర ఉపాయం లేదని ఎందుకనుకున్నావు?" అన్నాడు. ఆ మాటే ఇప్పటికీ గుచ్చుకుంటోంది. నిజంగానే నేను అడగనే లేదు.

అక్టోబర్ 3, సోమవారం

కమిటీ ముందు చెప్పాను. వెంకటస్వామి గారు రెండుసార్లు చెప్పించుకున్నారు. చిన్నారావు మధ్యలో లేచి నా ముఖం కూడా చూడకుండా వెళ్ళిపోయాడు. ఒక దెబ్బ వేసినా బాగుండేది.

దసరాకి మైకు అచ్చయ్య మావదే అని తీర్మానించారు. వెంకటస్వామి గారు ఆయన ఇంటికి స్వయంగా వెళ్ళి క్షమాపణ చెప్పి వచ్చారట. నా గిటారు మాత్రం ఈ ఏడు వద్దన్నారు. న్యాయమే. "నీ మీద దుష్మనీ లేదయ్యా, జనం భయపడతారు" అన్నారు.

ఇంటికొచ్చి రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాను. ఇన్నాళ్ళకి ఆకలేసింది.

అక్టోబర్ 5, బుధవారం

మావ కబురు పెట్టాడు. వెళితే పందిరి పక్కన గునపంతో నిలబడి ఉన్నాడు. "తవ్వు" అన్నాడు.

నా నడుము లోతు దాకా తవ్వాను. ఇనప గొట్టం దింపి, చుట్టూ బొగ్గూ ఉప్పూ వరసలుగా వేసి, నీళ్ళు పోసి తొక్కాను. ఎర్తు గొయ్యి అంటే ఇలా ఉండాలని మావ ప్రతి పొరకీ చెప్పాడు, నాకు తెలిసినా విన్నాను. గొట్టం నుంచి ఒకటే తీగ, ఒకటే బోర్డు, స్టేజీ మీది సామానంతా ఆ బోర్డు నుంచే. "దారొకటైతే సుట్టు తిరగదు, సుట్టు లేకపోతే మోత లేదు. ఇదేరా నా ఉపాయం" అన్నాడు.

నా సగం మోతకి మందు ఆయన దగ్గర మొదటినుంచీ ఉంది. మిగతా సగానికి నా దగ్గర ఉంది. రెండూ కలిపితే ఎంత బాగుండేదో అనుకుంటూ బొగ్గు చేతులు కడుక్కున్నాను.

భ్రమరాంబ ఇంకా మైకు ముట్టుకోవడం లేదు. బాలవాడిలో కూడా పాడటం లేదట. ప్రోగ్రాంలో ఆమె పేరు రాసి, పక్కన ప్రశ్న గుర్తు పెట్టారు.

అక్టోబర్ 8, శనివారం

మధ్యాహ్నం తలుపు తీస్తే భ్రమరాంబ. పై పెదవి మీద చిన్న నల్ల మచ్చ. పార్వతమ్మ వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

తిన్నగా ర్యాక్ దగ్గరికి వెళ్ళింది. "ఇప్పు" అంది. వెనక తలుపు విప్పాను. "ఏ తీగ ఏటో సెప్పు."

చెప్పాను. పిల్లలకి చెప్పినట్టు చెప్పాను. ఇది కరెంటు వచ్చే దారి, ఇవి ఏడు చుట్లు, ఒకదానికొకటి తగలవు. ఇది పచ్చ తీగ, ఒంటికి ఎప్పుడైనా కరెంటు దిగితే ఇది నేలలోకి లాక్కుపోతుంది, ఫ్యూజు పోతుంది. ఆమె వంగి ఆ పచ్చ తీగని వేలితో ముట్టుకుని లాగింది. ఇంకోసారి లాగింది.

"తప్పయిపోయిందమ్మా" అన్నాను.

"నాకు నిద్దట్లో కూడా నోటికి ఏదో తగిలినట్టుంటాది సూరన్నయ్యా" అంది. కోపంగా అనలేదు. ఉన్న సంగతి చెప్పింది. అన్నయ్యా అని పిలిచిందని ఆమె వెళ్ళాక పార్వతమ్మ చెబితే గాని నేను గమనించలేదు.

రేపు పాడుతుందో లేదో చెప్పలేదు.

అక్టోబర్ 10, సోమవారం

నిన్న రాయలేకపోయాను. ఇప్పుడు పొద్దున్నే, డ్యూటీకి ముందు రాస్తున్నాను.

నిన్న దేవీ పందిట్లో పార్వతమ్మతో కలిసి వెనక కుర్చీల్లో కూర్చున్నాను. స్టేజీ మీద మా ఆర్కెస్ట్రాలో మిగతావాళ్ళు సామాను సర్దుతున్నారు. భ్రమరాంబ వచ్చింది, చిన్నారావు పక్కన ఉన్నాడు. వెంకటస్వామి గారితో ఏదో అంది. ఆయన తల అడ్డంగా ఊపారు. ఆమె స్టేజీ మెట్టు మీద కూర్చుండిపోయింది. కాసేపటికి చిన్నారావు కుర్చీల మధ్యనుంచి నా దగ్గరికి వచ్చాడు. నెల తర్వాత నాతో మొదటి మాట.

"గిటారు లేకపోతే పాడదంట. వెంకటస్వామి గారు సరేనన్నారు. లే, సామాను మోద్దాం పద."

ర్యాక్ ఇద్దరం మోశాం. బరువుకి నోరు తెరుచుకుని నడిచాం. స్టేజీ దగ్గర అచ్చయ్య మావ నా ప్లగ్గు తీసుకుని, అందరి ముందూ విప్పి, చూసి, బిగించి, బోర్డులో పెట్టాడు. నేను స్విచ్చులు వేశాను. మావ స్పీకర్ దగ్గరికి వెళ్ళి చెవి ఆనించాడు.

"ఏసేవేట్రా?"

"వేశాను మావయ్యా."

"మరేటీ ఇనబడదేం?"

"వినబడకూడదనే కదా మావయ్యా ఇదంతా."

ఆయన చెవి తియ్యకుండా అలాగే నవ్వాడు. నేను గిటారు తగిలించుకుని నిలబడ్డాను. దేవీ పందిరి, అందరివీ ఉత్తికాళ్ళే. ఈసారి రబ్బరు పట్టా ఇంట్లోనే వదిలేశాను.

భ్రమరాంబ మైకు ముందుకి వచ్చింది. మైకు పట్టుకోలేదు. పక్కనే నిలబడ్డ నా వైపు జరిగి ఎడమ చెయ్యి నా గిటారు తీగల మీద పెట్టింది, ఆరు తీగలూ గుప్పిట్లోకి వచ్చేలా. నాకు అర్థమైంది. ఏదైనా తేడా ఉంటే ఒక చేతిలోంచి రెండో చేతిలోకి, గుండె మీదుగా పోతుంది. వద్దమ్మా, నేను చూస్తాను అనబోయాను. ఆమె నా ముఖంలోకి చూస్తూనే కుడి చెయ్యి చాచి మైకు పట్టుకుంది.

జనం కుర్చీలు జరుపుకుంటున్నారు, ఎవరూ గమనించలేదు. చిన్నారావు గమనించాడు, మెట్టు మీదికి ఒక కాలు పెట్టి ఆగిపోయాడు. ఆమె పెదవులు మైకుకి ఆనించింది.

"ఏటీ లేదు" అంది. మైకులో అంది కాబట్టి పందిరంతా వినబడింది. ఎవరో ఏంటి లేదని అడిగారు. ఆమె నా తీగల మీంచి చెయ్యి తీసి, తన చోటికి వెళ్ళి నిలబడింది.

మొదటి పాటకి గిటారు నేనే ఎత్తుకోవాలి. కళ్ళ నిండా నీళ్ళు, తీగలు కనబడలేదు. ఆమె తెరిచిన నోరు మూసుకుని, వెనక్కి తిరిగి చూసి, నేను కళ్ళు తుడుచుకుని తీగ మీటే దాకా ఆగింది. తర్వాత పాడింది.